అడుగున అయిదు బెజ్జాలు

నా రేకుల షెడ్డు మీదికి తొంగిచూస్తూ ఒక గది,
గదికి మూరన్నర వెడల్పు వసారా.
అందులో అద్దెకుండే మినతి పాఢి
తపాలా ఆఫీసులో పార్సిళ్లు తూస్తుంది.

ఆదివారం మెట్లు దిగి వచ్చి
రెండు చేతులూ గాలిలో ఎడంగా పట్టుకుంది.
"ఇంత పొడుగు. లోతు జానెడు. లంకా వేస్తాను."
పర్లాకిమిడిలో పుట్టినవాణ్ణి, తెలుసు,
మిరపకాయని వాళ్లు లంకా అంటారు.
అయినా ఆ మాట విన్నప్పుడల్లా
నాకు ఏటి నడుమ ఇసక దిబ్బే కనపడుతుంది.
"చేతులు కదపకమ్మా" అని
వాటి మధ్యనున్న గాలికి టేపు పెట్టాను:
ముప్పై ఒకటింపావు అంగుళాలు.

"ఆపిల్ పెట్టె చెక్కలు చాలవా?"
"అవి సిమ్లా నుంచి ఇక్కడికి రావడానికి చేసినవి తల్లీ,
ఇక్కడ ఉండిపోవడానికి కాదు."

మూలనున్న గుగ్గిలం పలకలు తీశాను.
ఒకప్పటి బడి బెంచీ.
ఎవడో గుంటడు కంపాసు ముల్లుతో చెక్కుతూ చెక్కుతూ
"తవిటి" దగ్గర ఆపేశాడు.
గంట కొట్టారో, పంతులు చూశాడో.
చిత్రిక అక్కడిదాకా వచ్చి
దానంతటదే పక్కకి తప్పుకుంది.
ఆ పలకని వీధి వైపు బిగించాను.

కుసి కోశాను, బెజ్జం తొలిచాను,
నాలుగు మూలలూ ఒకదాన్నొకటి కరుచుకున్నాయి.
"అడుగున సందులు ఉంచండి మేస్త్రీ, నీళ్లు పోవాలి" అంది.
తల ఊపాను.
రాత్రి నా చేతులు వినలేదు.
బియ్యప్పెట్టెలు, పెళ్లి మంచాలు, గాదె తలుపులు
ముప్పై నాలుగేళ్లు చేసిన చేతులవి.
సందు కనపడితే లప్పం కోసం వాటికవే వెతుక్కుంటాయి.
చీమ కూడా అడిగి రావాల్సినంత గట్టిగా మూసేసి
హాయిగా పడుకున్నాను.

మహేంద్రతనయ ఒడ్డు మన్ను సిమెంటు సంచిలో మోయించుకొచ్చి
పదకొండు మొక్కలు నాటింది.
ఆషాఢంలో మూడు రోజుల ముసురు.
నాలుగో నాడు పెట్టె నిండా నీళ్లు,
మొక్కలు తల వేలేసి.

ఆమె తిట్టలేదు.
కుళ్లిన వేరొకటి నా అరచేతిలో పెట్టి
పైకి వెళ్లిపోయింది.

బర్మా తీశాను.
మంచి చెక్కకి అడుగున చిల్లు పెట్టడమంటే
ఇంటికొచ్చిన చుట్టానికి చిరిగిన విస్తరి వెయ్యడం.
మొదటి చిల్లుకి పళ్లు బిగపట్టాను.
రెండోది నా ఒంట్లోనే తిరిగినట్టుంది.
అయిదోదానికి అలవాటైంది,
ఆరోది మొదలెట్టి మానేశాను.
చిల్లుల మీద పెంకు ముక్కలు బోర్లించి
కింద రెండు పట్టీలు కొట్టి, కాస్త లేపి పెట్టాను.

"ఎంత ఇమ్మంటారు?"
చెడగొట్టినందుకు ఎంత, బాగు చేసినందుకు ఎంత,
ఆ లెక్క తెగలేదు. ఇప్పటికీ తెగలేదు.

పొద్దున ఆరూ పదికి ఆమె నీళ్లు పోస్తుంది.
చుక్కలు నా రేకు మీద పడతాయి.
టక్. చాలాసేపటికి మళ్లీ టక్.
కుర్రాడు సోంబారు మొదట్లో విసుక్కునేవాడు.
"రేకు తుప్పు పట్టిపోద్ది మేస్త్రీ."
పట్టనీ.
పని చేస్తున్న బెజ్జం చప్పుడురా అది.

మొన్న తమ్ముడి పెళ్లికని భంజనగర్ వెళ్లింది.
మొదటి రోజు ఏమీ తోచలేదు.
మూడో రోజు ఆరూ పది దాటింది, ఆరున్నర దాటింది,
ఉలి మీద సుత్తి పడక ఆగిపోయింది.

మెట్లెక్కాను, మోకాళ్లు పట్టుకుని, చెంబుతో.
పెట్టెలో తొమ్మిది మొక్కలు.
ఒకదానికి, ఆకు చాటున, గోరంత పచ్చటి కాయ.
నీళ్లు వంచాను. మన్ను గుటకేసింది.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత కింద నుంచి సోంబారు కేక:

"మేస్త్రీ! వాన!
తలుపులు లోపల పెట్టెయ్యనా?"

నేను పలకలేదు.
ఇంకో చెంబు పోశాను.